మన కేసు వాదించే సర్కారు వకీలుకు సాటి జీతం ఇవ్వాలి!

తెలంగాణలో కోర్టు మెట్లెక్కిన ప్రతి ఫిర్యాదీకీ, ప్రతి సాక్షికీ, పన్ను కట్టే ప్రతి ఒక్కరికీ విజ్ఞప్తి



ఇంటి తాళం పగలగొట్టి బంగారం ఎత్తుకుపోతారు. అత్తింట్లో ఆడబిడ్డను కొడతారు. తాగి బండి నడిపినవాడు రోడ్డు పక్కన నడిచిపోయే మనిషిని గుద్ది చంపుతాడు. మనం ఠాణాకు పోతాం, ఫిర్యాదు రాసిస్తాం. పోలీసులు చార్జిషీట్ వేస్తారు, కేసుకు నంబరు పడుతుంది. సమన్లు అందుకుని వాయిదాకు వస్తాం. అక్కడ మన తరఫున లేచి నిలబడేది ఎవరు?

ప్రభుత్వం నియమించిన పబ్లిక్ ప్రాసిక్యూటర్. మేజిస్ట్రేటు కోర్టులో అయితే అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్, అందరూ ఏపీపీ అని పిలిచే మనిషి. చాలామందికి ఈ సంగతి బోనెక్కే రోజుదాకా తెలియదు.

చేతిలో డబ్బుంటే మంచి వకీలును పెట్టుకోవచ్చు కదా అని కొందరు అనుకుంటారు. పెట్టుకోవచ్చు. కానీ ఆ వకీలు ప్రాసిక్యూటర్ చెప్పినట్టే నడుచుకోవాలి. 2019లో రేఖా మురార్కా కేసులో సుప్రీంకోర్టు దీన్ని తేల్చిచెప్పింది. బాధితులు పెట్టుకున్న న్యాయవాది ప్రాసిక్యూటర్‌కు సాయపడవచ్చు, రాతలో వాదన ఇవ్వవచ్చు. సాక్షులను తానే ప్రశ్నిస్తాననీ, తానే లేచి వాదిస్తాననీ హక్కుగా అడగడానికి లేదు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలోనూ అదే ఏర్పాటు. అంటే కోటీశ్వరుడి ఇంట్లో దొంగతనం జరిగినా, కూలి మనిషి బిడ్డకు అన్యాయం జరిగినా కోర్టులో వాళ్ల బలం ఆ ప్రాసిక్యూటర్ బలమే. ముద్దాయి మాత్రం తన స్తోమతకు తగ్గ వకీలును తెచ్చుకుంటాడు. స్తోమత లేనివాడికి రాజ్యాంగం 39ఎ అధికరణం కింద ఉచిత న్యాయ సహాయం ఉంది. ఉండి తీరాలి కూడా.

ఇది రాస్తున్న నేను సర్కారు వకీలును కాను. ముద్దాయిల తరఫున వాదించే అడ్వకేట్‌ను. ఎదుటి పక్షం వకీలు అలసిపోయి, ఫైలు చదవకుండా వస్తే నా క్లయింటుకు లాభమే. అయినా నేనూ, నాలాంటి మరికొందరు అడ్వకేట్లూ కలిసి ఈ కాగితం అచ్చు వేయించి పంచుతున్నాం. ఎందుకంటే సర్కారు కొలువులో ఉన్న ఏపీపీలు రోడ్డు మీదికొచ్చి జీతం గురించి ప్రభుత్వాన్ని నిలదీయడానికి ప్రవర్తనా నియమావళి అడ్డం. గడువు మీద నియమితులైనవాళ్లు నోరు విప్పితే ఆ గడువే ముగుస్తుందన్న భయం. వాళ్లు చెప్పుకోలేనిది రోజూ అదే హాల్లో నిలబడే మేం చెప్పాలి.

లెక్క చూడండి!

2025లో తెలంగాణలో 118 ఏపీపీ పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. అంతకుముందు 2021లో 151 పోస్టులకు వచ్చింది. రెండింటిలోనూ జీతం స్కేలు ఒక్కటే, రూ.54,220 నుంచి రూ.1,33,630. అర్హత లా డిగ్రీ, ఆపైన అడ్వకేటుగా క్రిమినల్ కోర్టుల్లో మూడేళ్ల ప్రాక్టీసు.

ఇప్పుడు అదే హాల్లో వేదిక మీద కూర్చునే జూనియర్ సివిల్ జడ్జి సంగతి. అర్హత లా డిగ్రీ. కనీసం మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని 2025 మే నెలలో సుప్రీంకోర్టు దేశమంతటికీ మళ్లీ నిర్దేశించింది. మొదటి జీతం రూ.77,840. జస్టిస్ పి. వెంకటరామరెడ్డి అధ్యక్షతన పనిచేసిన రెండో జాతీయ న్యాయ వేతన కమిషన్ సిఫారసు చేసిన స్కేలు ఇది. 2022లో సుప్రీంకోర్టు దాన్ని ఆమోదించి, 2016 జనవరి 1 నుంచి వర్తింపజేయమంది. న్యాయాధికారులకు ఆ జీతం దక్కడం సబబే. దాని కోసం వాళ్ల సంఘం దశాబ్దాల పాటు సుప్రీంకోర్టులో కొట్లాడింది.

ఒకే డిగ్రీ, ఒకే మూడేళ్ల అనుభవం, ఒకే హాలు. మూల వేతనంలో తేడా నెలకు రూ.23,620. ఏడాదికి రూ.2,83,440. ఇది మూల వేతనం మాటే. కరువు భత్యం, ఇతర భత్యాలు ఎవరి లెక్క వారిది కాబట్టి చేతికొచ్చే జీతంలో తేడా ఇక్కడితో ఆగదు.

ఇంకో సంగతి. జడ్జీల నియామకం హైకోర్టు చూస్తుంది. ఏపీపీ పోస్టులను భర్తీ చేసేది పోలీసు నియామక మండలి. ప్రాసిక్యూటర్ దర్యాప్తు సంస్థలో భాగం కాదని 1994లో హితేంద్ర విష్ణు ఠాకూర్ కేసులోనే సుప్రీంకోర్టు చెప్పింది. పోలీసు శాఖ నుంచి ప్రాసిక్యూషన్‌ను విడదీయమని 1995లో షహానే కేసులో ఆదేశించింది. అంతకు చాలా ముందే, 1958లో, లా కమిషన్ తన 14వ నివేదికలో ఇదే అడిగింది. 1973 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ రాకముందు మేజిస్ట్రేటు కోర్టుల్లో చాలాచోట్ల పోలీసు అధికారులే కేసులు నడిపేవారు. ఆ అలవాటు చట్టంలో పోయింది. ప్రాసిక్యూటర్‌ను ఠాణాకు అనుబంధంగా చూసే చూపు మాత్రం పోలేదు. జీతం స్కేలులోనూ ఆ చూపే కనిపిస్తుంది.

దీని ఫలితం మా కళ్లముందే ఉంది. తెలివైన పిల్లలు ఏపీపీలుగా వస్తారు. ఏడాదో రెండేళ్లో ఇక్కడ పనిచేస్తూనే రాత్రిళ్లు సివిల్ జడ్జి పరీక్షకు చదువుకుంటారు. ఎంపికైతే వెళ్లిపోతారు. వాళ్ల తప్పేం లేదు, ఇంటి ఖర్చులు అందరికీ ఉంటాయి. ఖాళీ అయిన కుర్చీలోకి వెంటనే ఎవరూ రారు, పక్క కోర్టు ఏపీపీకి ఇన్‌చార్జి ఇస్తారు. ఆయన పదకొండింటికి ఒక హాల్లో సాక్షి చేత వాంగ్మూలం చెప్పిస్తుంటే రెండో హాల్లో ఆయన కేసు పిలుస్తారు. అక్కడ సాక్షి బోనులో నిలబడి ఉంటుంది, వాదించే మనిషి ఉండడు. వాయిదా పడుతుంది. ఆ సాక్షి ముప్పై కిలోమీటర్ల నుంచి కూలి వదులుకుని, బిడ్డను చంకనెత్తుకుని వచ్చిన ఆడమనిషి. వచ్చే వాయిదాకు ఆమె రాదు. ఆపై వాయిదాకు వచ్చినా, ఊళ్లో పెద్దమనుషులు మాట్లాడి పంపిన మాటే చెబుతుంది. "నాకేమీ తెలియదు సార్." హాస్టైల్, అంటే ఎదురు తిరిగిన సాక్షి అని రాసుకుంటారు. కేసు కొట్టేస్తారు. నా ముద్దాయి నాకు దండం పెట్టి వెళ్లిపోతాడు. ఇలాంటి గెలుపులు నేను చూశాను. వాటిలో నా ప్రతిభ ఏమీ లేదు.

కొత్త చట్టాలతో పని పెరిగింది

2024 జూలై నుంచి ప్రాసిక్యూటర్ మీద పడిన బరువు ఎంతో బయటివాళ్లకు తెలియదు. అభియోగాలపై మొదటి విచారణ జరిగిన 60 రోజుల్లో అవి ఖరారు కావాలి. ఒక పక్షానికి రెండు వాయిదాలకు మించి ఇవ్వకూడదు. వాదనలు ముగిశాక 30 రోజుల్లో, కారణాలు రాస్తే 45 రోజుల్లో తీర్పు రావాలి. ఫోనులో వీడియో, సీసీ కెమెరా ఫుటేజీ, వాట్సాప్ సందేశం, వేటిని సాక్ష్యంగా పెట్టినా కొత్త సాక్ష్య చట్టం 63వ సెక్షన్ ప్రకారం హాష్ విలువతో, అంటే ఫైలును ఎవరూ మార్చలేదని చూపే గుర్తుతో, సర్టిఫికెట్ ఉండాలి. అది సరిగ్గా లేకపోతే ఎంత స్పష్టమైన వీడియో అయినా చిక్కుల్లో పడుతుంది. అది సరిగ్గా ఉందో లేదో చూసుకోవాల్సింది ప్రాసిక్యూటరే. లోపం పట్టుకునేది నాలాంటివాళ్లం. పట్టుకుంటాం కూడా, అది మా పని. పోలీసులు వేసే రిపోర్టులను ముందే పరిశీలించే బాధ్యతను కూడా కొత్త సంహిత 20వ సెక్షన్ కింద ప్రాసిక్యూషన్ డైరెక్టరేట్ మీద పెట్టింది.

పిల్లలపై లైంగిక నేరాల (పోక్సో) కేసుల్లో న్యాయస్థానం కేసును విచారణకు తీసుకున్న 30 రోజుల్లో పసిబిడ్డ వాంగ్మూలం నమోదు కావాలని, వీలైనంత వరకు ఏడాదిలో విచారణ ముగియాలని 2012 చట్టం చెబుతుంది. ఎస్సీ, ఎస్టీ అత్యాచార నిరోధక చట్టం కింద కేసులు వీలైనంత వరకు రెండు నెలల్లో తేలాలి. ఇవన్నీ మంచి గడువులు. ఈ గడువుల్లో పని జరగాలంటే తయారై వచ్చే ప్రాసిక్యూటర్ కావాలి. ఆ మనిషికి కూర్చునే గది కావాలి, టైపు చేసే మనిషి కావాలి, కంప్యూటరు కావాలి. కోర్టు డ్యూటీ కానిస్టేబుల్ తెచ్చిచ్చిన కట్టను వరండాలో నిలబడి తిరగేసి, ఐదు నిమిషాల్లో సాక్షికి ధైర్యం చెప్పి బోనెక్కించే ఏపీపీలను నేను చూశాను.

గౌరవ వేతనం మీద బతికే సర్కారు వకీళ్లు

ఏపీపీలకు కనీసం ఒక స్కేలు ఉంది. వాళ్ల పక్కనే, అదే పని చేస్తూ, ఏ స్కేలూ లేనివాళ్లు ఉన్నారు. సెషన్స్ కోర్టుల్లో గడువు మీద నియమితులైన అడిషనల్ పీపీలు, సివిల్ కేసుల్లో ప్రభుత్వం తరఫున నిలబడే గవర్నమెంట్ ప్లీడర్లు (జీపీలు), అసిస్టెంట్ గవర్నమెంట్ ప్లీడర్లు (ఏజీపీలు). వీళ్లకిచ్చేదాన్ని గౌరవ వేతనం అంటారు. పేరుకు మూడేళ్ల గడువు. మధ్యలోనే తప్పించే అధికారం ప్రభుత్వానికి ఉంది. పెన్షన్ మాట లేదు. ఎనిమిదో తొమ్మిదో తరగతి పిల్లల స్కూలు ఫీజు కట్టే వయసులో, ప్రాక్టీసు పక్కన పెట్టి ఈ పనికి వచ్చినవాళ్లు వాళ్లు.

హత్య కేసు వాదించే ఇద్దరు అడిషనల్ పీపీలలో ఒకరు కేడరు నుంచి పదోన్నతి మీద వచ్చి పూర్తి జీతం తీసుకుంటారు, మరొకరు గడువు మీద వచ్చి గౌరవ వేతనం తీసుకుంటారు. హత్య అదే, సెక్షన్ అదే, పడే శిక్ష అదే. ఈ తేడాకు కారణం ఏమిటో ప్రభుత్వం చెప్పాలి.

జీపీల సంగతి రైతులకు బాగా తెలుసు. ప్రాజెక్టు కింద భూమి పోయినవాళ్లకు పరిహారం విషయంలో కోర్టులో ప్రభుత్వం తరఫున నిలబడేది వీళ్లే. చెరువు శిఖం భూమి, గ్రామకంఠం, స్కూలు స్థలం ఎవరో తమదని దావా వేస్తే దాన్ని కాపాడేదీ వీళ్లే. రెవెన్యూ ఆఫీసు నుంచి రికార్డు తెప్పించి, టైముకు కౌంటరు వేసి, ఓడితే గడువులోపు అప్పీలు వేయించాలి. అందులో ఒక్క మెట్టు తప్పితే ఊరుమ్మడి స్థలం పోతుంది. ఆలస్యంగా అప్పీళ్లతో వచ్చే ప్రభుత్వాలకు చట్టంలో ప్రత్యేక మినహాయింపు లేదని 2012లోనే సుప్రీంకోర్టు లివింగ్ మీడియా కేసులో చెప్పింది. ఢిల్లీలో ఒక్క హాజరుకు లక్షల్లో ఫీజు తీసుకునే సీనియర్లను ప్రభుత్వాలు పెట్టుకోవడం పత్రికల్లో చదువుతూనే ఉన్నాం. ఆ కేసు పుట్టిన జిల్లా కోర్టులో, మొదటి కౌంటరు రాసిన మనిషికి ఎంత ఇచ్చారని ఎవరూ అడగరు. కింది కోర్టులో సాక్ష్యం సరిగ్గా పడకపోతే ఢిల్లీలో ఎంత పెద్ద వకీలు వచ్చినా చేయగలిగింది కొంచెమే.

ప్రభుత్వం చెప్పే జవాబు

న్యాయాధికారులతో పోలిక కుదరదంటారు. నిజమే, జడ్జి పని వేరు. జడ్జీలు ప్రభుత్వ ఉద్యోగుల్లాంటి వారు కారని, వారి వేతనాన్ని వేరుగా చూడాలని సుప్రీంకోర్టే చెప్పింది. జడ్జి హోదా కావాలని ఎవరూ అడగడం లేదు. ఒకే అర్హతతో, ఒకే కేసులో, ఒకే హాల్లో పనిచేసే ఇద్దరిలో ఒకరి మొదటి జీతం మరొకరి జీతంలో పదింట ఏడొంతుల దగ్గర ఆగిపోవడం సరికాదంటున్నాం.

డబ్బు లేదంటారు. 2025 నోటిఫికేషన్లోని 118 పోస్టులకూ మొదటి మూల వేతనంలో ఆ రూ.23,620 తేడా పూడ్చితే ఏడాదికి అయ్యేది సుమారు 3 కోట్ల 34 లక్షలు. భత్యాలు కలిపితే ఇంకొంత. పాతవారినీ, గడువు మీద ఉన్నవారినీ కలిపితే మరికొంత. రాష్ట్ర బడ్జెట్ లక్షల కోట్లలో ఉంది. ప్రభుత్వం ఓడిపోయిన ఒక పెద్ద భూమి కేసులో వడ్డీతో కలిపి కట్టాల్సి వచ్చే మొత్తం పక్కన ఈ ఖర్చును పెట్టి చూడమనండి.

గడువు మీద ఉన్నవారి విషయంలో చట్టాన్ని కూడా అడ్డం పెడతారు. ప్రభుత్వ న్యాయవాది నియామకం వృత్తిపరమైన ఏర్పాటే తప్ప సివిల్ పోస్టు కాదని 2004లో జోహ్రీ మల్ కేసులో సుప్రీంకోర్టు అంది. ఆ మాటను దాచిపెట్టి మిమ్మల్ని పిలవడం నాకు ఇష్టం లేదు. రిట్ వేసి సులువుగా గెలిచే కేసు కాదిది. కాబట్టే కోర్టు బయట, మీ చేతికి ఈ కాగితం ఇస్తున్నాం. అయితే రాజ్యాంగం 39(డి) అధికరణం సమాన పనికి సమాన వేతనాన్ని రాజ్యం ముందు లక్ష్యంగా పెట్టింది. 1982లో ఢిల్లీ పోలీసు శాఖలో పనిచేసే ఒక డ్రైవర్ కానిస్టేబుల్, రణధీర్ సింగ్, మిగతా శాఖల డ్రైవర్లకొచ్చే జీతం తనకెందుకు రాదని సుప్రీంకోర్టుకు వెళ్లాడు. శాఖ వేరైనంత మాత్రాన జీతం వేరు కానక్కర్లేదని ఆ తీర్పు రాసింది మన తెలుగు న్యాయమూర్తి జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి. 2016లో జగ్జీత్ సింగ్ కేసులో అదే సూత్రాన్ని తాత్కాలిక ఉద్యోగులకూ వర్తింపజేసి, రెగ్యులర్ స్కేలులో కనీస మొత్తమైనా ఇవ్వాలన్నారు. డ్రైవరుకు, తాత్కాలిక గుమాస్తాకు వర్తించే న్యాయం హత్య కేసు వాదించే వకీలుకు ఎందుకు వర్తించకూడదు?

ఇంకో మాట ప్రభుత్వం నుంచి రాదు, మీనుంచి వస్తుంది. "పీపీలు ఎదుటివాళ్లతో కుమ్మక్కవుతారు, వాళ్లకు జీతం పెంచడమెందుకు?" ఈ అనుమానం ఊరికే పుట్టలేదు, కేసు పోగొట్టుకున్న ఇళ్లనుంచి పుట్టింది. జీతం పెంచగానే అందరూ నిజాయితీపరులవుతారని నేను చెప్పను. కానీ పార్టీ జెండా మోసినందుకు ఇచ్చే పదవిగా దీన్ని ఉంచితే, నెల గడవని డబ్బిస్తే, మంచివాళ్లు ఎందుకొస్తారు? ప్రభుత్వ న్యాయవాదుల ఎంపిక పారదర్శకంగా, యోగ్యత చూసి జరగాలని 2016లో పంజాబ్, హర్యానా విషయంలో బ్రిజేశ్వర్ సింగ్ చహల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 1990లో ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం అన్ని జిల్లాల్లోని ప్రభుత్వ న్యాయవాదులను ఒక్క సర్క్యులర్‌తో తొలగిస్తే, అది నిరంకుశమని సుప్రీంకోర్టు కొట్టేసింది. కాబట్టి రెండూ కలిపే అడుగుదాం. నలుగురికీ కనిపించేలా ఎంపిక, పనికి తగ్గ జీతం. ఒకటి ఇచ్చి రెండోది ఆపితే ఒప్పుకోవద్దు.

సమ్మె ఎందుకు వద్దు

కెనడాలోని క్యూబెక్‌లో ప్రభుత్వ న్యాయవాదులు, నోటరీలు 2016 అక్టోబర్ నుంచి 2017 ఫిబ్రవరి దాకా సమ్మె చేశారు. ప్రాసిక్యూటర్లతో సమానంగా తమను చూడాలని అడిగారు. చివరికి ప్రత్యేక చట్టం తెచ్చి వాళ్లను పనిలోకి పంపారు. వాళ్ల తెగువకు నా గౌరవం. మన దగ్గర మాత్రం ప్రాసిక్యూటర్ ఒక్కరోజు పని ఆపితే ముందు నష్టపోయేది బోనులో నిలబడ్డ ఆ ఆడమనిషే. అందుకే వాళ్లను పని మానమని మేం అనం. వాళ్ల కోసం మనం కదలాలంటున్నాం.

ఏం అడగాలి, ఎలా అడగాలి

ఏపీపీ మొదటి జీతాన్ని జూనియర్ సివిల్ జడ్జి మొదటి జీతానికి సమానం చేయాలి. గడువు మీద పనిచేసే అడిషనల్ పీపీకి, జీపీకి, ఏజీపీకి ఆ పనికి తగిన రెగ్యులర్ స్కేలులో కనీస మొత్తమైనా ఇవ్వాలి. ప్రతి క్రిమినల్ కోర్టుకు ఒక ప్రాసిక్యూటర్ ఉండాలి, ఇన్‌చార్జిలతో ఏళ్లు నెట్టకూడదు. గది, గుమాస్తా, కంప్యూటరు ఇవ్వాలి. 2023 అక్టోబర్‌లో ఎన్. శివశంకర్ అధ్యక్షతన రాష్ట్రం వేతన సవరణ కమిషన్ వేసింది. ఏ వేతన సవరణ జరిగినా ఈ పోస్టును పాత వరుసలోనే ఉంచి శాతం పెంచితే సరిపోదు. వరుసే మార్చాలి.

మొదటగా సమాచార హక్కు దరఖాస్తు వేయండి. జిల్లా స్థాయి కార్యాలయానికైతే పది రూపాయల ఫీజు, తెల్లరేషన్ కార్డు ఉన్నవారికి అదీ లేదు. నాలుగు ప్రశ్నలు చాలు. మన జిల్లాలో మంజూరైన ప్రాసిక్యూటర్ పోస్టులెన్ని, ఈరోజు ఖాళీలెన్ని? ఒక్కొక్కరు ఎన్ని కోర్టులు చూస్తున్నారు? గడువు మీద ఉన్నవారి గౌరవ వేతనం ఎంత, చివరిసారి ఎప్పుడు పెంచారు? కిందటి ఏడాది ప్రాసిక్యూటర్ లేక వాయిదా పడ్డ కేసులెన్ని? పీపీల సంగతికి ప్రాసిక్యూషన్ కార్యాలయానికి, జీపీల సంగతికి న్యాయ శాఖకు పంపండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఇవ్వకపోతే మొదటి అప్పీలు ఉచితం.

ఆ జవాబు కాగితం పట్టుకుని మీ ఎమ్మెల్యే దగ్గరికి నలుగురితో వెళ్లండి. అసెంబ్లీలో ఈ ప్రశ్న వేయమని అడగండి, వేస్తానన్న మాట రాసిమ్మనండి. మహిళా సంఘాల అక్కలారా, గ్రామసంఘం సమావేశంలో తీర్మానం చేసి హోం శాఖకు, న్యాయ శాఖకు పంపండి. భూ నిర్వాసితుల కమిటీల పెద్దలారా, మీ ఊరుమ్మడి భూముల కేసులు వాదిస్తున్న జీపీకి ఎంత ఇస్తున్నారో కలెక్టర్ ప్రజావాణిలో సోమవారం అడగండి. తోటి అడ్వకేట్లారా, మనం ఎదురుగా నిలబడి వాదించేవాళ్ల కోసం మన బార్‌లో తీర్మానం పెడదాం. దరఖాస్తు రాయడం రానివారు ఏ పనిదినమైనా భోజన విరామంలో కోర్టు ఆవరణలో మమ్మల్ని కలవండి. ఫీజు తీసుకోకుండా రాసిస్తాం. తెల్లకాగితం, పది రూపాయలు వెంట తెచ్చుకుంటే చాలు.

— ముద్దాయిల తరఫున వాదించే కొందరు జిల్లా కోర్టు అడ్వకేట్లు